మలుపు పెట్టె

కాలిన వెంట్రుకల వాసన వస్తే ముందు నా జడే అనుకున్నాను, ఎక్కడైనా అంటుకుందేమోనని చేత్తో తడిమి కూడా చూసుకున్నాను, వానలో తడిసి ముద్దయిన జడకు నిప్పెలా అంటుకుంటుంది, భయం వేసినప్పుడు నా బుర్ర ఇలాగే పనికిమాలిన చోట్లకు పోతుంది. వాసన కింద నుంచి వస్తోంది. కాళ్ల కింద రేకు వెచ్చబడింది. దానితోపాటు సన్నటి ఏడుపు, బండి వేగం పెంచితే పెరుగుతోంది, తగ్గిస్తే తగ్గుతోంది, ఇంజను మూలిగితే గొంతులోంచి వచ్చినట్టుంటుంది, ఇది పళ్లు నూరుతున్నట్టుంది. వెనక సీట్లో మా ఆయన ఆక్సిజన్ సిలిండరును పట్టుకుని కూర్చున్నాడు, కూర్చున్నాడనడం మర్యాదకే, సీటంతా అది ఆక్రమించుకుని పడుకుంటే ఆయన కాళ్లు పెట్టుకునే ఇరుకులో దూరి దాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు, గతుకు వచ్చినప్పుడల్లా "మెల్లిగా, మెల్లిగా" అంటున్నాడు, నాతోనో దానితోనో తెలియడం లేదు. కొండ మీద ఇంట్లో నాన్న ఉన్నాడు. నిన్నటి గాలివానకు కరెంటు స్తంభాలు కూలిపోయాయి, గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషను ఆగిపోయింది, అవసరానికని దాచుకున్న చిన్న సిలిండరు మీద నాన్న ఊపిరి తీస్తున్నాడు, అది అయిపోయేలోగా ఈ పెద్దది ఆయన మంచం పక్కకు చేరాలి. ఇంతే సంగతి. నేను ఆలోచించాల్సింది ఇదొక్కటే, కానీ బుర్ర వింటేనా.

కింద ఏడుస్తున్న దానికి మలుపు పెట్టె అని పేరు పెట్టింది నాన్నే. బండి పుస్తకంలో దాన్ని పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్ అని రాశారు, ఆ పేరు నాన్నకు నోరు తిరక్క కాదు, నచ్చక. క్వారీ నడిచిన రోజుల్లో ఇది మేనేజరు గారి బండి, రాయి కొట్టే పని నుంచి నాన్నను డ్రైవరు పనిలోకి మార్చారు, క్వారీ మూతపడ్డాక ఇంత బురద రోడ్డు మీంచి దీన్ని కిందికి దింపడం ఇష్టం లేక మేనేజరు నాన్నకే వదిలేసి పోయాడు. నాకు స్టీరింగు ఇచ్చే ముందు నాన్న బానెట్టు ఎత్తి పాఠం చెప్పాడు. "ఇంజను అడ్డంగా కూర్చుంది చూడు అమ్మాయ్. అడ్డంగా కూర్చున్నవాడికి అందేవి ముందు చక్రాలే. మరి వెనక చక్రాలేం పాపం చేశాయి?" ఎడమ అరచేతిని పళ్లెంలా నిలబెట్టి, కుడి పిడికిలి కణుపుల్ని దాని అంచుకు ఆనించి తిప్పుతూ చూపించాడు, ఈ పళ్లెం పక్కకు దొర్లుతుంది, దాని అంచున ఏటవాలుగా పళ్లుంటాయి, ఈ చిన్న పళ్ల చక్రం మూలన నిలబడి వాటిని అందుకుంటుంది, పక్కకు పోయే బలాన్ని వెనక్కి మలుపుతుంది, అక్కడి నుంచి బండి కడుపు కింద పొడుగాటి షాఫ్టు, దాని చివర వెనక చక్రాలు. పెట్టె ఎంతుందని చూస్తే రెండు చేతుల్లో ఇమిడేంత. "ఇంత పెద్ద బండికి ఇంత చిన్నదా?" అన్నాను. "మీ అమ్మ ఎంతుంది మరి?" అన్నాడు, అమ్మ వింటోందని చూసుకుని మరీ. అమ్మ చేతిలో గరిట ఉంది, విసరలేదు. నాన్న కణుపులు తెల్లగా పగిలి ఉండేవి, రాతి పొడి ఎన్ని నీళ్లతో కడిగినా ఆ పగుళ్లలోంచి పోయేది కాదు.

ఏడుపు పెరిగింది. రెండో గేరులోకి దించాను. నాలుగు చక్రాలూ ఒక్క కొలతలో ఉండాలి, పెట్టె అడిగేది ఈ ఒక్కటే, ఆ ఒక్కటీ మేం ఇవ్వలేదు. నేను నాన్నతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా ఆయన బండిని కిందికి తీసుకుపోయి ముందు రెండు చక్రాలకీ కొత్త టైర్లు వేయించుకొచ్చాడు, ఎంత మురిసిపోయాడో, మెరిసే ఆ రెండు నల్లటి టైర్లనూ తడి గుడ్డతో తుడిచాడు కూడా. "ముందువి బాగా అరిగిపోయాయి, వెనకవి ఇంకా పర్వాలేదు" అన్నాడు. ఆయన టైలరు. చొక్కా మోచేయి దగ్గర చిరిగితే మోచేతికే అతుకు వేస్తారు గానీ చొక్కా అంతా మార్చరు కదా, ఆయన చదువంతా అదే. కిటికీ దగ్గర కూర్చున్న నాన్న చూసి, నవ్వబోయి దగ్గు తెచ్చుకుని, అది తగ్గాక "అల్లుడూ, మారిస్తే నాలుగూ మార్చాలి, లేదంటే నాలుగూ పాతవే ఉండాలి" అన్నాడు. కొత్త టైరు కాస్త ఎత్తు, అరిగిన టైరు పొట్టి, అదే దారి నడవడానికి పొట్టిది ఎక్కువ చుట్లు తిరగాలి, ముందువి ఒక లెక్క చెప్తాయి, వెనకవి ఇంకో లెక్క చెప్తాయి, రెంటినీ ఒకే షాఫ్టుకు కట్టేశాం కాబట్టి తగువంతా మధ్యలో ఉన్న పెట్టె మీదికి వస్తుంది, చదును రోడ్డు మీద కూడా అది ఊరికే ఉండలేదు, రోజంతా వేడెక్కుతూనే ఉంటుంది. "వెనకవి కూడా వచ్చే వారం వేయించేస్తా మామయ్యా" అన్నాడు ఆయన. తర్వాత వానలు పట్టుకున్నాయి.

కోపం రావాలి, రావడం లేదు. నాన్న సన్నబడుతున్న కొద్దీ ఆయన చొక్కాలన్నీ ఒక్కొక్కటే తీసుకుపోయి పక్కలు విప్పి బిగించి కుట్టి, మళ్లీ మడత పెట్టి అదే దండెం మీద వేసేవాడు మా ఆయన, నాన్న తొడుక్కున్నప్పుడు వదులు తెలియకూడదని. అద్దంలో చూసుకుని నాన్న "ఫర్వాలేదే, అలాగే ఉన్నాను" అనేవాడు. కాలరు మాత్రం బిగించడం కుదరలేదు, మెడ చుట్టూ అది పక్షి గూడులా నిలబడేది. అలాంటి మనిషిని టైర్ల గురించి ఏమని తిట్టను. పైగా తిడితే సిలిండరు వదిలేసి చేతులు తిప్పుతూ సంజాయిషీ మొదలుపెడతాడు, చేతులతో తప్ప మాట్లాడలేడు.

పెట్టెలో పట్టే నూనె చాలా కొంచెం, నాలుగైదు టీ గ్లాసులు. దాని పక్కనుంచే పొగ గొట్టం పోతుంది, కొండ ఎక్కేటప్పుడు ఆ గొట్టం మీద నీటి చుక్క పడితే చుయ్యిమంటుంది. నూనె జీవితకాలం వస్తుంది, మార్చనక్కర్లేదు అని బండి పుస్తకంలో ఉంది, అందుకే పాత నూనె దించడానికి కింద బిరడా కూడా పెట్టలేదు. "ఎవరి జీవితకాలం?" అనేవాడు నాన్న. నూనె మాడుతుంది, చిక్కబడుతుంది, తారులా గోడలకు అంటుకుంటుంది, ఇక పళ్లు పొడిపొడిగా రాసుకుంటాయి, రాసుకుంటే ఇనప పొడి రాలుతుంది, ఆ పొడికి బయటికి పోయే దారి లేదు, మళ్లీ ఆ పళ్ల మధ్యకే వచ్చి ఇంకాస్త కొరుకుతుంది. డాక్టరమ్మ నాన్న ఛాతీ ఫోటోను వెలుతురుకు పెట్టి చూపించినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది, తెల్లటి చుక్కలు, "ఇది రాతి పొడి, లోపల చేరిపోయింది, కడిగితే పోయేది కాదు" అంది, ఎన్నేళ్లు పీల్చాడో మరి, చిన్నప్పుడు రాళ్లు నలగ్గొట్టే క్రషరు దగ్గరి నుంచి నాన్న నెత్తి నుంచి కాళ్లదాకా తెల్లగా వస్తుంటే వీధి పిల్లలు పిండాయన, పిండాయన అని వెంటపడేవాళ్లు, నేనూ వాళ్లతో కలిసి అరిచేదాన్ని, ఆయన రెండు చేతులూ పైకెత్తి దయ్యంలా మా మీదికి వచ్చేవాడు, మేం కెవ్వుమని పారిపోయేవాళ్లం. అంత నవ్వు నవ్విన ఊపిరితిత్తులవి. ఇక ఇంట్లోనే ఉంచుకోండి అని ఆసుపత్రి వాళ్లు పంపేశారు. గాలి అందించడం తప్ప చేసేదేం లేదన్నారు, ఆ ఒక్కటీ చేస్తాం అని అమ్మ వాళ్లకు మాటిచ్చినట్టు చెప్పింది.

ఫోను మోగింది. మా ఆయన ఎత్తి నా చెవి దగ్గర పెట్టాడు. "సిలిండరు ముల్లు ఎర్రగీతలోకి వచ్చేసిందే అమ్మాయ్, ఎక్కడున్నారు?" అమ్మ గొంతు మామూలుగానే ఉంది, మరీ మామూలుగా ఉంది. "వచ్చేశామమ్మా, పాత క్రషరు దాటాం" అన్నాను, దాటలేదు, అప్పుడే కనిపిస్తోంది. ఇంకేదో అడగబోతుండగా సిగ్నలు పోయింది. ఇంకెవరినైనా పంపుదామంటే పైన మిగిలినవి నాలుగిళ్లు, ఉన్నది ఈ బండొక్కటే, సిలిండర్లు నింపే అతను "మీ కొండకు మా బండి ఎక్కదమ్మా" అని ఎప్పుడో చేతులెత్తేశాడు. ఇద్దరం మోసుకుపోదామంటే ఇది మనిషంత బరువు ఇనుము, ఈ బురదలో పది అడుగులు వేస్తే గొప్ప. అప్పుడు కింద టంగుమని శబ్దం వచ్చింది. స్టీరింగు చేతుల్లో ఒక్కసారి గింజుకుంది, బండి ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు ఆగబోయి మళ్లీ కదిలింది. పళ్లు విరుగుతున్నాయి. విరిగిన ముక్క అడ్డం పడిందంటే ముందు చక్రాలు కూడా బిగుసుకుపోతాయి, అప్పుడు ముందుకూ లేదు వెనక్కూ లేదు. ఆపేశాను.

"ఏమైంది?" అన్నాడు మా ఆయన.

"పెట్టె పోతోంది. షాఫ్టు విప్పేయాలి. ఆ రాళ్లు చక్రాల కింద పెట్టండి."

ఎందుకు, ఎలా అని అడగలేదు, దిగి రాళ్లు పెట్టాడు. నేను వెల్లకిలా బురదలో పడుకుని కిందికి దూరాను. పెట్టె మీద చెయ్యి పెట్టలేకపోయాను, అంత వేడి, సీలు దగ్గర నల్లటి నూనె పేరుకుపోయి ఉంది, అందులో వెండి రజనులాంటి మెరుపు, అదే రాలిన ఇనుము. వెనక చక్రాల భారం తీసేస్తే లోపలి పళ్లెం ఊరికే తిరుగుతుంది, ఉన్న పళ్లతో ఇంకాసేపు బతుకుతుంది, ఆ కాసేపు చాలు. ఈ కొస బోల్టులు, ఆ కొస బోల్టులు, మధ్యలో షాఫ్టును మోసే పట్టీ. ఒక బోల్టు తుప్పు పట్టి కదలనంది, స్పానరు జారి కణుపులు చీరుకుపోయాయి, నాన్న అయితే ఇక్కడ ఒక బూతు వాడేవాడు, నేనూ అదే వాడాను, కాస్త కదిలింది. నా మొహం మీద వాన పడకుండా మా ఆయన పక్కన వంగి కోటు గుడ్డ పట్టుకున్నాడు, ఎవరో కుట్టడానికిచ్చిన కోటు గుడ్డ, సిలిండరుకు దెబ్బ తగలకుండా చుట్టుకొచ్చింది. "అది ఎవరిదండీ?" అన్నాను. "ఇప్పుడదా నీకు" అన్నాడు. ఇంట్లో ముల్లు ఎక్కడిదాకా వచ్చిందో. పైన అమ్మ ఒక్కతే ఉంది, ముల్లును చూస్తుందా, నాన్న మొహం చూస్తుందా, రెండూ ఒక్కసారే చూడలేదు కదా. చివరి బోల్టు ఊడింది. షాఫ్టును ఇద్దరం లాగి రోడ్డు పక్కన పడేశాం, అక్కడే ఉండనీ, ఇక దానితో పనేముంది.

ఇప్పుడు బండి ముందు చక్రాల మీదే నడుస్తోంది. క్రషరు దాటేదాకా బాగానే పోయింది, ఏడుపు తగ్గింది, మా ఆయన వెనక నుంచి "నువ్వు గట్టిదానివే" అన్నాడు, కానీ ఆఖరి ఎక్కుడు ఇంకా ఉంది, ఇంటి ముందు నిట్టనిలువుగా లేచే బంకమట్టి ఎక్కుడు. అక్కడ ముందు చక్రాలు పట్టు వదిలేశాయి. కొత్త టైర్లు కూడా గిర్రుమని తిరిగి బురద ఎగజిమ్మి ఊరుకున్నాయి. వెనక్కి జారనిచ్చి, ఊపు తీసుకుని మళ్లీ ఎక్కించాను, మొదటిసారి కంటే కిందే ఆగిపోయింది. నాకు ఏడుపు వస్తోంది, ఇప్పుడు ఏడిస్తే దారి కనబడదు. పైన మా ఇంటి రేకుల కప్పు కనిపిస్తోంది, అరిస్తే అమ్మకు వినిపిస్తుంది, అరిచి ఏం చెప్పను. ఆలోచించు. ఎందుకు జారుతోంది, బండి ఎక్కుతుంటే బరువంతా వెనక్కి వాలిపోతుంది, ముందు భాగం తేలికైపోతుంది, తేలికైన చక్రం ఎంత తిరిగినా మట్టిని పట్టుకోదు, అందుకే కదా వెనక చక్రాలకు బలం పంపడం, అందుకే కదా ఆ పెట్టె. బలం ఉన్నచోట బరువు లేదు, బరువున్నచోట బలం లేదు. మరి బరువు వాలే వైపే ముందు చక్రాలుంటే?

"ఏవండీ, సిలిండరును ముందు సీట్ల వైపుకు జరపండి. రివర్సులో ఎక్కిద్దాం."

"రివర్సులోనా? కొండా?"

"టైలరు గారూ, మీరు జరపండి."

ఎక్కుడు మొదట్లో వెడల్పు కొంచెమే, ఒక పక్క క్వారీ గొయ్యి నీళ్లతో నిండి ఉంది, ముందుకీ వెనక్కీ ముందుకీ వెనక్కీ చేసి బండిని తిప్పాను, ఇప్పుడు దాని వీపు ఇంటివైపు, మొహం గొయ్యివైపు. వెనక అద్దం నిండా బురద, ఏమీ కనబడదు. మా ఆయన తలుపు మూసి, చెప్పుల్లేకుండా బానెట్టు మీదికెక్కి నాకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు, వైపరు మొదలును ఒక చేత్తో పట్టుకుని, బండి కప్పు మీంచి పైకి చూస్తూ. "నా బరువు కూడా ముందు చక్రాల మీదే పడుతుంది కదా" అని అద్దంలోంచి అరిచాడు. టైర్ల మనిషి. ఎప్పుడు నేర్చుకున్నాడో. "దిగండి, జారి పడతారు" అని అరిచాను, వినిపించుకోలేదు. రివర్సు వేశాను. చక్రాలు ఒక్క క్షణం నమిలి, పట్టుకున్నాయి. బండి వీపు పైకి లేచింది. నేను వెనక్కి చూడడం మానేసి ఆయన చేతిని చూస్తున్నాను, ఆ చెయ్యి గాలిలో గుడ్డ కొలుస్తోంది, జానెడు ఇటు, రెండు వేళ్లు అటు, చాలు, నిటారుగా, మళ్లీ వేలెడు, ఏనాడూ నాకు దారి చెప్పని మనిషి అంగుళం అంగుళం చెప్తున్నాడు, నేను స్టీరింగును అంతే తిప్పుతున్నాను, ఆయన భుజాల వెనక గొయ్యిలోని పచ్చటి నీళ్లు కిందికి, ఇంకా కిందికి పోతున్నాయి, నాన్న ఏళ్ల తరబడి తవ్విన గొయ్యి అది, ఇంతుందని నాకెప్పుడూ తెలియలేదు, ఎప్పుడూ ఇంటివైపు చూస్తూ ఎక్కినదాన్ని కదా. కాళ్ల కింద రేకు మళ్లీ కాలుతోంది. పెట్టెలో ముక్కలు గలగలమంటున్నాయి. ఇంకొంచెం, ఇంకొంచెం, నీకు దణ్ణం పెడతాను, ఆ గుమ్మందాకా. గుమ్మం ముందుకు వచ్చేసరికి లోపల ఏదో ఫట్టుమంది, బండి బిగుసుకుపోయింది, ఇంజను ఆగిపోయింది. ఆగిపోతే పోయింది.

సిలిండరును కోటు గుడ్డ మీద పెట్టి గడప దాటించి నేలంతా ఈడ్చుకుపోయాం. అమ్మ అట్టముక్కతో నాన్నకు విసురుతోంది, విసిరితే ఆక్సిజన్ వస్తుందా అని ఒళ్లు మండింది, ఆమె మాత్రం ఇంకేం చేస్తుంది. ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. నాన్న పెదాలు నేరేడు రంగులోకి వచ్చాయి, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, బిగించి కుట్టిన చొక్కా లోపల ఎముకలు కదులుతున్నాయి. గొట్టం మార్చి బిగిస్తుంటే మా ఆయన పక్కనుంచి పట్టుకున్నాడు, ఇద్దరం కలిసి తిప్పాం. స్‌స్ మంది. చాలాసేపటికి భుజాలు నెమ్మదించాయి, పెదాల రంగు కొంచెం విరిగింది, కళ్లు తెరిచి అమ్మను, మా ఆయన్ని, బురద పూసుకున్న నన్ను ఒకరి తర్వాత ఒకర్ని చూశాడు. పిండాయన కూతురు మట్టి మనిషి అయింది అనుకున్నాడేమో, నవ్వినట్టు అనిపించింది.

"పెట్టె పోయిందా?" అన్నాడు.

"లేదు నాన్నా. బాగానే ఉంది."

"మరి రివర్సులో ఎందుకొచ్చావ్?"

మంచం మీద నుంచి విన్నాడు. రివర్సు గేరు మూలుగు వేరుగా ఉంటుంది, అది ఆయనకు నేను చెప్పాలా. "గుమ్మం ముందు తిప్పుకోవడానికి చోటు లేదని" అన్నాను. నాన్న మా ఆయనవైపు చూశాడు. మా ఆయన తన అరచేతుల్లోని బురదను చూసుకుంటున్నాడు.

"కరెంటు ఎప్పుడొస్తుందట?"

"రేపో మాపో వచ్చేస్తుందిలెండి" అంది అమ్మ.

"రేపో మాపో" అన్నాడు నాన్న, ఆ మాటను బరువు చూస్తున్నట్టు. ఈ సిలిండరు మహా అయితే రెండు రోజులు వస్తుంది, ఆ సంగతి ఆయనకు తెలుసు, దీని తర్వాత కొండ దిగి ఇంకోటి తెచ్చే బండి లేదనీ ఇప్పుడు తెలుసు. తర్వాత చెయ్యి మంచం మీంచి కిందికి జరిపాడు, నీళ్లకేమో అనుకుని గ్లాసు అందుకోబోయాను. నీళ్లకు కాదు. సిలిండరు మెడ దగ్గర మర కోసం తడిమాడు, అది దొరికింది, మెల్లిగా కుడివైపుకు తిప్పాడు. స్‌స్ అనే శబ్దం సన్నబడింది. "నాన్నా" అన్నాను, మళ్లీ ఎడమకు తిప్పి పెంచాను. ఆయన కళ్లు మూసుకునే నా చేతి మీద చెయ్యి వేశాడు, నా వేళ్లతోనే మళ్లీ తగ్గించాడు, సన్నగా వదిలితే కరెంటు వచ్చేదాకా సాగుతుందని. ఈసారి నేను పెంచలేదు.